నెట్ లేకున్నా లైటు వెలగాలి: వైర్‌లెస్ బటన్లు, లైట్ సీన్లు సెట్ చేసుకునే పద్ధతి

పలాస: ఉద్దానం ఊళ్లలో ఇప్పుడు చాలా ఇళ్లది ఒకటే పరిస్థితి. కొడుకు గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో, విశాఖలోనో ఉంటాడు. ఇంట్లో అమ్మానాన్నలు మాత్రమే మిగులుతారు. సెలవు మీద వచ్చినప్పుడు కొడుకు స్మార్ట్ బల్బులు బిగించి, తన ఫోన్‌లో యాప్ పెట్టుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఆ లైటు వెలుతురు తగ్గించాలన్నా, రంగు మార్చాలన్నా పెద్దవాళ్లు కువైట్‌కు ఫోన్ చేయాల్సిందే.

దీనికి పరిష్కారం చిన్న వైర్‌లెస్ బటన్. గోడకు అతికించుకోవచ్చు, మంచం పక్కన పెట్టుకోవచ్చు. వైరు అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. అయితే దాన్ని సరిగ్గా ప్రోగ్రామ్ చేయాలి. లేకపోతే అదీ ఇంకో బొమ్మలా మూల పడి ఉంటుంది. పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలోని ఇళ్ల పరిస్థితులను బట్టి ఏది కొనాలి, ఎలా సెట్ చేయాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది ఇక్కడ ఇస్తున్నాం.

మన ప్రాంతంలో ఎందుకు అవసరం

పొలంలో మోటారును ఫోన్‌తో నడిపే మొబైల్ స్టార్టర్లు మన రైతులకు కొత్తేమీ కాదు. ఇంటి లైట్లదీ అదే పని, కాకపోతే అవసరం వేరు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బుతో బాధపడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి ఆ రోజంతా నీరసం ఉంటుంది. రాత్రి లేచి చీకట్లో స్విచ్ బోర్డు తడుముకుంటూ పడిపోతే ఉన్న కష్టానికి ఇంకో కష్టం తోడవుతుంది.

పెరట్లోకి వెళ్లాలన్నా భయమే. జీడి తోటల నుంచి ఎలుగుబంట్లు ఊళ్లలోకి వస్తుంటాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి దాడిలో ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. లైటు వేస్తే ఎలుగు పారిపోతుందని ఎవరూ అనుకోవద్దు. తలుపు తీసే ముందే కిటికీలోంచి పెరడంతా చూసుకునే వీలుంటుంది, అంతే. ఆ ఒక్క నిమిషం కూడా చాలా విలువైనదే.

ముందు మూడు మాటలు

గ్రూప్: ఒకేసారి కలిసి పనిచేసే లైట్లు. ఉదాహరణకు హాల్లోని మూడు లైట్లు ఒక గ్రూప్.

సీన్: ఏ లైటు ఎంత వెలుతురుతో, ఏ రంగులో ఉండాలో ముందే దాచిపెట్టుకున్న అమరిక. గ్రూప్ అంటే ఎవరెవరు ఉన్నారన్నది, సీన్ అంటే ఎవరు ఏం చేయాలన్నది. ‘రాత్రి నడక’ అనే సీన్‌లో గది లైటు 5 శాతం, బాత్రూమ్ దారి లైటు 10 శాతం, హాల్ లైటు ఆఫ్ అని పెట్టుకోవచ్చు.

బటన్: ఇది లైటుకు నేరుగా కరెంటు ఇవ్వదు, ఆపదు. ‘నన్ను నొక్కారు’ అని రేడియోలో కబురు పంపుతుంది. ఆ కబురు వచ్చినప్పుడు ఏ సీన్ నడవాలో చెప్పడమే ప్రోగ్రామింగ్.

బల్బా, స్విచ్చా?

మన ఇళ్లలో ఒక మంచి అలవాటు ఉంది. పడుకునే ముందు బోర్డు మీది స్విచ్‌లన్నీ కట్టేస్తారు. స్మార్ట్ బల్బుకు ఈ అలవాటే గండం. బోర్డు దగ్గర కరెంటు ఆపేస్తే బల్బులోని రేడియో కూడా ఆగిపోతుంది. అప్పుడు బటన్ ఎన్నిసార్లు నొక్కినా వినే దిక్కుండదు.

అందుకని ఎక్కువ లైట్లకు స్మార్ట్ బల్బు కన్నా, స్విచ్ బోర్డు వెనక పెట్టే చిన్న రిలే మాడ్యూల్ మేలు. దీనికి పాత స్విచ్ పాతలాగే పనిచేస్తుంది, వైర్‌లెస్ బటనూ పనిచేస్తుంది. బల్బు మామూలు ఎల్ఈడీ అయినా చాలు. లోటు ఒకటే. రిలేతో ఆన్, ఆఫ్ తప్ప వెలుతురు తగ్గించడం కుదరదు.

సన్నని వెలుతురు కావాల్సిన చోట, అంటే పడకగదిలో ఒకటి, బాత్రూమ్ దారిలో ఒకటి, స్మార్ట్ బల్బు పెట్టుకోండి. ఆ రెండింటి గోడ స్విచ్‌లను ఎవరూ ఆపకుండా పైన ఒక మూత బిగించండి.

రిలే మాడ్యూళ్లలో చాలావాటికి న్యూట్రల్ వైరు కావాలి. పాత ఇళ్లలో కొన్ని బోర్డుల్లోకి ఫేజ్ ఒక్కటే వస్తుంది. అదే బోర్డులో ప్లగ్ సాకెట్ ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే. కొనకముందే ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించి చూపించండి. పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఎంసీబీ ఆపించడం మర్చిపోవద్దు. గీజర్‌ను, నీళ్ల మోటారును ఈ చిన్న రిలేల మీద నడపకూడదు. లైట్ల డిమ్మర్‌కు సీలింగ్ ఫ్యాన్ కలపకూడదు.

ఏ రేడియో మంచిది

మార్కెట్లో ఎక్కువగా దొరికేవి వైఫై, జిగ్‌బీ పరికరాలు.

వైఫై వాటికి వేరే పెట్టె అక్కర్లేదు, ఇంట్లో రౌటర్ ఉంటే చాలు. కానీ తక్కువ ధర వైఫై పరికరాల్లో చాలావరకు కంపెనీ సర్వర్ మీద ఆధారపడతాయి. మీరు మంచం పక్కన బటన్ నొక్కితే ఆ కబురు ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కు వెళ్లి, తిరిగొచ్చి, ఆరడుగుల దూరంలోని లైటును వెలిగిస్తుంది. నెట్ పోతే అంతా ఆగిపోతుంది.

జిగ్‌బీకి హబ్ అనే చిన్న పెట్టె కావాలి. కానీ బటన్‌కు అదే సరైన జోడి. బటన్ ఎప్పుడూ నిద్రలో ఉండి, నొక్కినప్పుడే లేస్తుంది కాబట్టి సీఆర్2032 లాంటి బిళ్ల బ్యాటరీతోనే చాలాకాలం నడుస్తుంది. కరెంటు మీద ఉండే జిగ్‌బీ బల్బులు, రిలేల్లో చాలావరకు కబురును పక్కదానికి అందిస్తాయి. అలా ఒక చివరి నుంచి ఇంకో చివరికి చేరుతుంది. గోడలు, తడిసిన కొబ్బరాకులు సిగ్నల్‌ను తగ్గిస్తాయి కాబట్టి పెరటి లైటు దాకా మధ్యలో ఒకటి రెండు మజిలీలు ఉండేలా చూసుకోండి.

గల్ఫ్ నుంచి తెచ్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. జిగ్‌బీ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, అది ఎక్కడైనా ఒకటే. జెడ్-వేవ్ అనే ఇంకో రకం అలా కాదు. భారత్‌లో దాని ఫ్రీక్వెన్సీ 865.2 మెగాహెర్ట్జ్, యూఏఈలో 868.4. అక్కడ కొన్న బటన్ ఇక్కడి హబ్‌తో మాట్లాడదు. పెట్టె మీద ‘జెడ్-వేవ్’ అని ఉంటే తేవద్దు.

మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం 2022 అక్టోబర్‌లో వచ్చింది. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయాలన్నది దాని ఉద్దేశం. అయినా బటన్ల విషయంలో ఒక్కో యాప్ ఒక్కోలా ఉంటుంది. కొనేముందు మీ హబ్‌లో ఆ బటన్ పేరు ఉందో లేదో చూసుకోవడమే క్షేమం.

సెట్టింగ్ వరుస

యాప్ ఏదైనా వరుస ఇదే. మధ్యలో దాటేస్తే తర్వాత మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది.

1. హబ్‌ను ఇన్వర్టర్ లైన్ మీద ఉన్న ప్లగ్‌కు పెట్టండి. వైఫై రౌటర్‌కు ఆనించి పెట్టొద్దు, రెండింటికీ మధ్య కనీసం మూడు నాలుగు అడుగులు వదలండి. ఫోన్‌తో జత చేసేటప్పుడు చాలా పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి. ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉండి జత కాకపోతే దాన్ని మార్చి చూడండి.

2. ముందు కరెంటు మీద నడిచే లైట్లు, రిలేలు కలపండి. వాటిని ఎక్కడ వాడతారో అక్కడే బిగించి కలపాలి. బటన్లు ఆఖర్న.

3. ప్రతిదానికీ ఇంట్లో అందరికీ అర్థమయ్యే పేరు పెట్టండి. ‘లైట్ 3’ అంటే ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు. ‘అమ్మ గది’, ‘వీధి అరుగు’, ‘పెరడు’ అని పెట్టండి.

4. గ్రూపులు చేయండి.

5. సీన్ చేయండి. సులువు మార్గం ఏంటంటే, సరిగ్గా ఏ వేళకు వాడతారో ఆ వేళకు గదిలో కూర్చుని లైట్లను ఒక్కొక్కటిగా కావాల్సినట్టు సర్ది, అప్పుడు ‘సేవ్’ నొక్కడం. పగలు కూర్చుని రాత్రి సీన్ చేస్తే 10 శాతం వెలుతురు చాలదనిపించి 40 పెడతారు. అర్ధరాత్రి అది కళ్లలో పొడిచినట్టుంటుంది.

6. బటన్‌ను జత చేసి, ఒక్కో నొక్కుకూ ఒక్కో సీన్ తగిలించండి.

7. బటన్ మీద మార్కర్‌తో గుర్తు వేయండి. చదవలేని వాళ్లుంటే బొమ్మ చాలు. చీకట్లో వేలికి తెలిసేలా ముఖ్యమైన బటన్ మీద చిన్న టేపు ముక్క అతికించండి.

కొన్ని సాఫ్ట్‌వేర్లలో శాతం బదులు అంకెలు అడుగుతారు. జిగ్‌బీలో పూర్తి వెలుతురు 254. దాని ప్రకారం 5 శాతం అంటే 13, 10 శాతం అంటే 25, 60 శాతం అంటే 152. తెలుపు రంగును కెల్విన్లలో గానీ, మిరెడ్‌లలో గానీ అడుగుతారు. 10 లక్షలను కెల్విన్‌తో భాగిస్తే మిరెడ్ వస్తుంది. పసుపు ఛాయ ఉన్న 2700 కెల్విన్‌కు 370, మధ్యస్థమైన 4000కు 250, ట్యూబులైటు లాంటి 6500కు 154. రాత్రి సీన్లకు 2700 దగ్గరే ఉంచండి.

నాలుగు బటన్ల రిమోట్‌కు ఒక నమూనా

పెద్దవాళ్లున్న ఇంటికి ఈ అమరిక సరిపోతుంది. మీ ఇంటిని బట్టి మార్చుకోండి.

మొదటి బటన్, రాత్రి నడక: మంచం దగ్గర 5 శాతం, బాత్రూమ్ దారి 10 శాతం. పది నిమిషాల తర్వాత దానంతట అదే ఆరిపోయేలా పెట్టొచ్చు. కానీ నెమ్మదిగా నడిచేవాళ్లుంటే 30 నిమిషాలు పెట్టండి. మనిషి బాత్రూమ్‌లో ఉండగా లైటు ఆరిపోవడం కన్నా అరగంట వృథాగా వెలగడమే నయం.

రెండో బటన్, పెరడు: పెరటి లైటు, పక్క సందు లైటు పూర్తి వెలుతురు. లోపలి లైట్లు మాత్రం ఆఫ్. లోపల చీకటిగా ఉంటేనే కిటికీలోంచి బయట బాగా కనిపిస్తుంది.

మూడో బటన్, పడక: రాత్రి ఉంచుకునే వీధి లైటు తప్ప అన్నీ ఆఫ్.

నాలుగో బటన్, సాయం: ఇంట్లో లైట్లన్నీ వెలుగుతాయి, వీధి అరుగు మీది లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. దీన్ని హబ్‌లో ఆటోమేషన్‌గా రాయాలి: ఒక సెకను ఆన్, ఒక సెకను ఆఫ్, ఐదు నిమిషాల పాటు. అరుగు మీద దీనికి రిలే వద్దు, స్మార్ట్ బల్బు పెట్టండి. రిలేను అలా టకటకా కొట్టిస్తే తొందరగా పాడవుతుంది. ఈ లైటుకు అర్థమేంటో ఎదురింటి వాళ్లకు, పక్కింటి వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. కొడుకు ఫోన్‌కు కబురు వెళ్లేలా కూడా పెట్టొచ్చు. కానీ దుబాయ్‌లో ఫోన్ మోగితే ఇక్కడ తలుపు తట్టేది పొరుగువాళ్లే. ఇది 108కు బదులు కాదు, 108కు ఫోన్ చేసే మనిషిని పిలిచే పద్ధతి మాత్రమే.

టైమ్ ప్రకారం నడిచే సీన్లు కూడా ఉంటాయి. రంజాన్‌లో సహరీకి వంటగది లైటు పది నిమిషాల్లో 5 నుంచి 60 శాతానికి మెల్లగా పెరిగేలా పెట్టుకోవచ్చు. చాలా హబ్‌లు సూర్యోదయానికి ఇంత ముందు అని లెక్కపెట్టుకోగలవు. అది నిద్ర లేపడానికే. సహరీ ఆఖరి టైమ్‌కు మసీదు టైమ్‌టేబుల్‌నే చూడండి.

ఎన్నిసార్లు నొక్కాలి

చాలా బటన్లు మూడు రకాల నొక్కులను గుర్తిస్తాయి: ఒకసారి, వెంటవెంటనే రెండుసార్లు, పట్టి ఉంచడం. అంటే నాలుగు బటన్లతో పన్నెండు పనులు చేయించొచ్చు. చేయించొద్దు. వేళ్లు వణికే మనిషి ఒకసారి నొక్కబోతే రెండుసార్లు పడుతుంది, లేదా పట్టి ఉంచినట్టవుతుంది. పెద్దవాళ్ల రిమోట్‌లో మూడు రకాల నొక్కుకూ ఒకే సీన్ తగిలించండి. ఎలా నొక్కినా అదే పని జరగాలి.

ఇంకో లాభం కూడా ఉంది. రెండో నొక్కు వస్తుందేమో అని కొన్ని బటన్లు క్షణం ఆగి చూస్తాయి. రెండు నొక్కులను గుర్తించే సెట్టింగ్‌ను పూర్తిగా ఆపేసే వీలుంటే ఆ ఆలస్యం కూడా పోతుంది.

‘టాగుల్’ అనే ఆప్షన్‌తోనూ జాగ్రత్త. వెలిగి ఉంటే ఆర్పు, ఆరి ఉంటే వెలిగించు అని దాని అర్థం. గ్రూప్‌లో ఒక లైటు ముందే వెలిగి ఉంటే, టాగుల్ నొక్కినప్పుడు అది ఆరిపోయి మిగతావి వెలగొచ్చు. ఎన్నిసార్లు నొక్కినా అన్నీ కలవవు. అందుకే ఆన్‌కు ఒక బటన్, ఆఫ్‌కు ఇంకో బటన్ పెట్టండి.

కరెంటు పోయి వస్తే

అర్ధరాత్రి రెండు గంటలకు కరెంటు పోయి వచ్చిందనుకోండి. స్మార్ట్ బల్బుల్లో చాలావాటికి కంపెనీ పెట్టి పంపే సెట్టింగ్ ‘పూర్తిగా వెలుగు’. ఇంట్లో అందరూ ఉలిక్కిపడి లేస్తారు.

చాలా బల్బుల సెట్టింగ్స్‌లో ‘పవర్-ఆన్ బిహేవియర్’ అని ఉంటుంది. అందులో సాధారణంగా ఆన్, ఆఫ్, మునుపటి స్థితి అనేవి ఉంటాయి. పడకగదికి ‘మునుపటి స్థితి’ పెట్టండి. బాత్రూమ్ దారి బల్బుకు మాత్రం ‘ఆన్’ ఉంచినా తప్పులేదు. బటన్ పాడైనా గోడ స్విచ్ ఒకసారి ఆపి వేస్తే లైటు వస్తుంది.

నెట్ పోతే, తుఫాను వస్తే

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. స్తంభాలు కూలి ఉద్దానంలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఏపీ ఫైబర్‌నెట్ కేబుళ్లు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. స్తంభం పడితే కరెంటుతో పాటు నెట్ కూడా పోయినట్టే. సరిగ్గా ఆ రాత్రే ఇంట్లో బటన్ పనిచేయాలి.

దానికి రెండు దారులున్నాయి. మొదటిది, ఆటోమేషన్ ఇంట్లోని హబ్‌లోనే నడవడం. కొనేటప్పుడు ‘లోకల్ కంట్రోల్ ఉందా?’ అని అడగండి. కాస్త కంప్యూటర్ పరిచయం ఉన్నవాళ్లు హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను రాస్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌లో వేసుకోవచ్చు. బటన్లు, సీన్లు, టైమర్లు అన్నీ ఇంట్లోనే నడుస్తాయి.

రెండోది డైరెక్ట్ బైండింగ్. జిగ్‌బీలో బటన్‌ను నేరుగా లైటుకో, గ్రూప్‌కో ముడివేయొచ్చు. సీన్ వివరాలు బల్బులోనే దాగి ఉంటాయి, బటన్ ‘ఆ నంబర్ సీన్ తీయి’ అని చెబుతుంది. హబ్ ఆగిపోయినా లైటు వెలుగుతుంది. అన్ని బటన్లకూ ఈ సౌకర్యం ఉండదు, కొన్ని హబ్‌తో మాత్రమే మాట్లాడతాయి. నాలుగు బటన్లలో ‘రాత్రి నడక’ ఒక్కదానికైనా బైండింగ్ చేయగలిగితే మంచిది. టైమర్, ఆరుతూ వెలిగే లైటు లాంటివి మాత్రం హబ్ లేకుండా కుదరవు.

ఇక ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అయిపోతే ఏ బటనూ ఏమీ చేయలేదు. తలగడ పక్కన టార్చిలైటు ఉండాల్సిందే.

కరెంటు బిల్లు లెక్క

స్మార్ట్ బల్బు ఆరి ఉన్నప్పుడు కూడా రేడియో కోసం కొద్దిగా కరెంటు తాగుతుంది. ఒక్కోటి అర వాట్ అనుకుందాం. పది బల్బులకు 5 వాట్లు, రోజుకు 24 గంటలు, నెలకు 3.6 యూనిట్లు. 9 వాట్ల బల్బును రోజూ ఐదు గంటలు వెలిగిస్తే నెలకయ్యేది 1.35 యూనిట్లే. అంటే పది బల్బులు ఖాళీగా కూర్చుని తినేది, రెండు బల్బులు పనిచేసి తినేదానికన్నా ఎక్కువ. పెద్ద మొత్తం కాదు గానీ, ఇల్లంతా స్మార్ట్ బల్బులు బిగించాల్సిన పనిలేదని చెప్పడానికి ఈ లెక్క చాలు. రెండు మూడు బల్బులు, నాలుగైదు రిలేలు, ఒక హబ్, రెండు రిమోట్లు ఉంటే మామూలు ఇంటికి సరిపోతుంది.

పనిచేయకపోతే ముందు చూడాల్సినవి

బటన్ నొక్కినా ఏమీ కాకపోతే గోడ స్విచ్ ఎవరైనా ఆపారేమో చూడండి. చాలాసార్లు కారణం అదే.

తర్వాత బ్యాటరీ చూడండి. తీరం గాలికి బ్యాటరీ కింది రేకు తుప్పు పడుతుంది. పొడి గుడ్డతో తుడిచి కొత్తది వేయండి. బాత్రూమ్ లోపల బటన్ పెట్టాల్సి వస్తే తేమను తట్టుకునే రకం తీసుకోండి.

ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి చేయకపోతే వైఫైతో గొడవ కావొచ్చు. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి. వైఫై 1, 6, 11 చానళ్లలో ఉంటే జిగ్‌బీకి 15, 20, 25 చానళ్లు ఖాళీగా దొరుకుతాయి. చానల్ మారిస్తే కొన్ని పరికరాలను మళ్లీ జత చేయాల్సి రావొచ్చు కాబట్టి ఈ పని మొదట్లోనే చేసుకోవడం మంచిది.

ఊరు విడిచే ముందు మూడు పరీక్షలు

సెట్టింగ్ అంతా అయ్యాక, మళ్లీ ప్రయాణం పెట్టుకునే ముందు ఈ మూడూ చేసి చూడండి.

ఒకటి: రౌటర్‌కు వచ్చే నెట్ వైరు తీసేసి, మీ ఫోన్ స్విచాఫ్ చేసి, నాలుగు బటన్లూ నొక్కండి. ఫోన్‌కు కబురు పంపడం తప్ప మిగతా అన్నీ జరగాలి.

రెండు: రాత్రి అందరూ మెలకువగా ఉన్నప్పుడే మెయిన్ ఎంసీబీ ఆపి, నిమిషం తర్వాత వేయండి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపి వేయండి. ఏ లైటు ఎలా తిరిగొచ్చిందో చూడండి.

మూడు: లైట్లన్నీ ఆర్పేసి, రిమోట్‌ను అమ్మ చేతికో నాన్న చేతికో ఇవ్వండి. ఏమీ చెప్పకండి. చీకట్లో వాళ్లంతట వాళ్లు సరైన బటన్ నొక్కి, బాత్రూమ్ దాకా వెళ్లి రావాలి. తడబడితే తప్పు వాళ్లది కాదు, అమరికది. బటన్లు తగ్గించి మళ్లీ సెట్ చేయండి.